గర్నాళా జనరల్

ఆదివారం పొద్దున రాజనర్సు గడ్డం గీసుకుని, అద్దంలో చూసుకుని, చుబుకం కొంచెం పైకెత్తాడు. ఎడమ కనుబొమ్మ ఒక్కటే ఎత్తాలని చూశాడు గానీ దానితోపాటు కుడిది కూడా లేచింది. అయినా బాగానే ఉందనుకున్నాడు. సూరత్‌లోని ఒక సాంచల కార్ఖానాలో, మొరాయించిన మరమగ్గాలను దారికి తెచ్చే జాబర్ పని అతనిది. వారమంతా నూనె చేతులతో తిరిగే మనిషి ఇస్త్రీ చొక్కా తొడిగాడంటే ఆ రోజు పని పెద్దదే అన్నమాట.

పథకం మాత్రం సులువైనది. పొద్దున కాలనీ హాల్లో అందరికీ ఒక పాత యుద్ధం సినిమా చూపించాలి. సినిమా అయ్యాక సంఘం మీటింగు ఉంది. ఆ మీటింగులో తల వంచకుండా, నోరు తెరవకుండా గెలవాలి. చెప్పాల్సిందంతా సినిమాయే చెబుతుంది.

“ఒక్క కప్పు చాయ్ పోస్తే ఒడిసిపోయే ముచ్చటకు సినిమా ఎందుకయ్యా?” అంది అతని భార్య లలితమ్మ రొట్టెలు కాలుస్తూ.

“పొయ్య.”

“అధ్యక్షునికి పొయ్యకు. ఎవలకూ పొయ్యవా?”

“ఎవలకూ పొయ్య. సినిమాల జనరల్ పోసిండా? నది దాటి కోట గెలిచిండు. పెద్దపెద్దోళ్లంత కూసొని నిలదీస్తే నెత్తి మీది టోపీ గూడ తియ్యలే. మాఫీ అన్న మాటనే రాలే నోట్లకెల్లి.”

“జనరల్ పెండ్లాం బతుకమ్మ పేర్చెనా?” అని లలితమ్మ రొట్టెను పెనం మీద కాస్త గట్టిగానే తిరగేసింది. రాజనర్సు చొక్కా గుండీలు పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

గొడవంతా కిందటి ఏడు సద్దుల బతుకమ్మ నాటిది. కాలనీ నుంచి చెరువుకు రెండు దారులున్నాయి. మెయిన్ రోడ్డు ఒకటి, అది చుట్టు తిరుగుడు. రెండోది రైలు పట్టాల కిందనుంచి పోయే గర్నాళా. దగ్గరి దారే గానీ వాన పడితే అందులో నీళ్ళు నిలుస్తాయి. ఆ మధ్యాహ్నం వాన పడింది. సంఘం అధ్యక్షుడు లక్ష్మీరాజం మెయిన్ రోడ్డే పొమ్మన్నాడు. ఊరేగింపు ముందు ఈల వేసి నడిపించే పని ఏళ్ళ తరబడి రాజనర్సుది కాబట్టి, అతను గర్నాళా అన్నాడు. ఎందుకన్నాడంటే లక్ష్మీరాజం మెయిన్ రోడ్డు అన్నాడు కనక.

ఈల వేసి, చెయ్యి ముందుకు చాపి, జనాన్ని దించాడు. గర్నాళా నడిమికి వచ్చేసరికి నీళ్ళు ఆడవాళ్ళ నడుముల దాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే పైన రైలు పోయింది. పిల్లలు కేకలు పెట్టారు, ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలింది, తలల మీది బతుకమ్మలు ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి జారాయి. ఊరి నుంచి బస్సులో తెప్పించిన తంగేడు పూలు, మార్కెట్లో బేరమాడి తెచ్చిన బంతిపూలు, అన్నీ చెరువు మొహం చూడకుండానే మురుగులో తేలాయి. రాజనర్సు మాత్రం అవతలి గట్టెక్కి, గడియారం చూసుకుని, “టైముకే వచ్చినం” అన్నాడు. ఆ రోజు నుంచి అతని పేరు గర్నాళా జనరల్.

ఆ కాలనీ వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. వాళ్ళంతా సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచల మీద బతికే జనం. సాంచల చప్పుడులో ఎవడైనా తప్పైందని అన్నా ఎదుటివాడికి వినపడదు. అందుకని తప్పు చేసినవాడు మాట అనక్కర్లేదు, తన చేత్తో చాయ్ పోసి ఇస్తే చాలు, ఒప్పుకున్నట్టే. ఎదుటివాడు పుచ్చుకుని తాగితే మాఫీ చేసినట్టు. ఈ పద్ధతి ప్రకారం రాజనర్సు అధ్యక్షుడికి చాయ్ పొయ్యాలని సంఘం తేల్చింది. పోసేదాకా ఈల సంఘం బీరువాలో ఉంటుందని కూడా తేల్చింది. ఏడాది గడిచిపోయింది, మళ్ళీ బతుకమ్మ వస్తోంది. రాజనర్సుకు ఈల కావాలి, చాయ్ మాత్రం పొయ్యడు. అతనికి నలుగురిలో పేరంటూ తెచ్చిన వస్తువు ఆ ఈల ఒక్కటే. అది లేని ఏడాదిలో తన సొంత వీధిలోనే తను కిరాయికున్నట్టు అనిపించింది.

నిజానికి రాజనర్సు, లక్ష్మీరాజం ఒక్క రైల్లో సూరత్ దిగినవాళ్ళే. ఇద్దరికీ ఒకటే ఖోలీ, ఒకటే మంచం. ఒకడిది పగటి పాళి, ఒకడిది రాత్రి పాళి కాబట్టి ఒకడు లేచిన పక్క మీద ఒకడు పడుకునేవాడు. ఆ రోజుల్లోనే ఒక రజా నాడు, సెలవు పూట, ఇద్దరూ ఒకే సైకిలు మీద పోయి మ్యాట్నీకి ఈ సినిమా చూశారు. హిందీలో మాటలు అతికించిన ఇంగ్లీషు సినిమా, పేరు ‘జిద్దీ జనరల్’. ఆ జనరల్ హీరోనా, హంతకుడా అని సినిమాలో పేపర్లవాళ్ళే తేల్చుకోలేకపోతారు. రాజనర్సు మాత్రం టికెట్టు కొన్న రోజే తేల్చుకున్నాడు. ఆ తర్వాత ఆ సినిమా మళ్ళీ ఎక్కడా ఆడలేదు. కాలనీలో పుట్టిన ప్రతి పిల్లాడికీ అతనే కథ చెప్పాడు. ఆఖరికి కూతురు విజేత తన ఫోన్లో ఆ సినిమాను వెతికి పట్టింది. తండ్రి కోసం ప్రొజెక్టర్ కూడా మాట్లాడింది.

ప్రొజెక్టర్ మనిషి భరత్‌భాయి చెప్పిన వేళకే స్కూటర్ మీద వచ్చాడు. కానీ హాలు తాళంచెవి లక్ష్మీరాజం దగ్గరుంది, లక్ష్మీరాజం స్నానంలో ఉన్నాడు. భరత్‌భాయి అధ్యక్షుడి ఇంటి అరుగు మీద కూర్చుని, ప్రొజెక్టర్‌ను ఒళ్ళో పెట్టుకుని, “పెహలే చాయ్” అన్నాడు. పిలిచి కూర్చోబెట్టిన మనిషికి చాయ్ ఇవ్వకపోతే ఎట్లా? రాజనర్సు మూలమీది హోటల్ నుంచి కెటిల్ నిండా చాయ్ తెచ్చి, వంగి, భరత్‌భాయి కప్పులో పోశాడు.

ఎదురింటి పైఅంతస్తు గ్యాలరీలో సోమలింగం పళ్ళు తోముకుంటున్నాడు. ఏ ఇంట్లో కుక్కర్ ఎన్నిసార్లు కూసిందో చెప్పగలిగిన మనిషి. అతనికి పైనుంచి కనపడింది ఇంతే: అధ్యక్షుడి గుమ్మం, వంగిన రాజనర్సు వీపు, కెటిల్, కప్పు పట్టుకున్న ఒక చెయ్యి. భరత్‌భాయి తలకాయ రేకుల చాటున ఉండిపోయింది. సోమలింగం నోట్లో బ్రష్షు అట్లాగే ఉంచి ఫోటో తీశాడు. సంఘం గ్రూపులో పెట్టి, కింద “జనరల్ చాయ్ పోసిండు!” అని రాశాడు.

కెటిల్ పట్టుకుని రాజనర్సు నడుం ఎత్తేలోపల లక్ష్మీరాజం భార్య సుభాషిణి ఫోనులో ఆ ఫోటో చూసి, మొగుడికోసమే పోసి పెట్టాడనుకుని, లోపలినుంచి గబగబా వచ్చి అతని చేతిలో చిటికెడు చక్కెర పెట్టింది.

“నోరు తీపి చేసుకో అన్నా. నా మనసు నిమ్మలమైంది.”

దేనికో తెలియకపోయినా చక్కెర కదా అని రాజనర్సు నోట్లో వేసుకున్నాడు. రెండు ఇళ్ళు దాటాడో లేదో ఒక ముసలాయన భుజం తట్టి, “పెద్దమనిషి అనిపించుకున్నవ్ బిడ్డా” అన్నాడు. ఇంకో నాలుగు అడుగులు వేస్తే ఎవరో దండం పెట్టారు. సినిమా వేస్తున్నందుకు జనంలో ఇంత ప్రేమ పుట్టిందా అని రాజనర్సు పొంగిపోయాడు. చుబుకం మళ్ళీ కొంచెం లేచింది.

అప్పుడు విజేత ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది. “పప్పా, తమే తో ఫేమస్ థఈ గయా! గ్రూపు మొత్తం నీదే ఫోటో. చాయ్ పోసినవంట కదా లక్ష్మీరాజం అంకుల్‌కి?”

రాజనర్సు ఫోటో చూశాడు. వీపు తనదే. నోట్లోని చక్కెర ఒక్కసారిగా చేదైపోయింది.

“నేను పోసింది ప్రొజెక్టర్ ఆయినకు! అరే, ఇది ఎట్లైతది? ఫోన్ ఇయ్యి ఇటు!”

గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాడు. “నేను పొయ్యలే! నేనెవలకూ పొయ్యలే! పొయ్య గూడ పొయ్య!” అని వీధి అదిరేలా అరిచాడు. దానికి సోమలింగం చేతులు జోడించిన బొమ్మ పెట్టి, “చేసిన మంచి చెప్పుకోడు, గదే మా రాజనర్సన్న గొప్ప” అని రాశాడు. వెంటనే ముప్ఫై నలభై మంది చేతులు జోడించారు. ఒకరు దండ తెప్పిస్తున్నామన్నారు. ఇంకొకరు జిలేబీ ఫాఫ్డా చెప్పేశామన్నారు. పాండేసర మిల్లులో పాళి మీదున్న వాళ్ళు కూడా మా వంతు జిలేబీ ఉంచండని రాశారు. కాదనేకొద్దీ అతని గొప్పతనం పెరిగిపోయింది.

“ఎవలకు చెప్పాలె? ఎట్ల చెప్పాలె?” అని రాజనర్సు కెటిల్‌తోనే నెత్తి కొట్టుకోబోయాడు.

“అంకుల్‌కే చెప్పు పప్పా, సీదా,” అంది విజేత.

అది మంచి సలహాయే. ఆ మాట విని ఊరుకోకుండా అతను నిజంగానే అధ్యక్షుడి ఇంటికి పోయాడు. అక్కడ లక్ష్మీరాజం స్నానం ముగించి, తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకుని, దండ వేయించుకునే మనిషిలా మెడ సిద్ధం చేసుకుని అరుగు మీద నిలబడి ఉన్నాడు. చుట్టూ అప్పటికే జనం చేరారు. రాజనర్సు చేతిలో కెటిల్ చూసి లక్ష్మీరాజం ముఖం విచ్చుకుంది.

“అరే రాజనర్సూ, నేను స్నానం జేస్తుంటె పోసి పోయినవట. గది చల్లగైంది పో. ఇంకోపారి వేడివేడిగ పొయ్యి, అందరి ముంగట తాగుత. నా మనసుల ఏం లేదు.”

“నీ మనసుల ఏం లేదా? నా మనసుల మస్తుంది! నేను నీకు పొయ్యలే, లక్ష్మీరాజం. పొయ్య!”

“మరి చేతుల కెటిల్ ఏంది?”

“ఇదా? ఇగో సూడు, ఎట్ల పోస్తనో!”

అని కెటిల్‌ను అక్కడికక్కడే మోరీలోకి వంచాడు. అతని ఉద్దేశం మోరీయే. కానీ కోపంలో ఉన్న చెయ్యి కొంచెం ముందుకు పోయింది. చాయ్ అరుగు అంచుకు తగిలి, ఎగిరి, లక్ష్మీరాజం తెల్లచొక్కా మీద మెడ నుంచి బొడ్డు దాకా పడింది. సరిగ్గా అప్పుడే దండ వచ్చింది, దాని వెనకే జిలేబీ పొట్లాలు వచ్చాయి. తెచ్చినవాళ్ళు ఎవరి మెడలో వెయ్యాలో తెలియక ఆ దండను భరత్‌భాయి ప్రొజెక్టర్ మీద పెట్టారు.

లక్ష్మీరాజం చొక్కా పిండుకుంటూ, “సినిమా లేదు, గినిమా లేదు!” అని అరిచాడు. “డైరెక్టు మీటింగే! నిరుడు నీళ్లు, ఇయ్యాల చాయ్! ఈ మనిషికి ఈల ఇచ్చుడు కాదు, మల్ల ఈల శబ్దం గూడ వినిపియ్యొద్దు!”

“మీటింగ్ పెట్టుకో! టోపీ పెట్టుకొని కూసో! ఆ జనరల్ భయపడ్డడా? నేనూ భయపడ!”

అప్పుడు వెనకనుంచి లలితమ్మ గొంతు వినపడింది. ఆమె చుట్టూ కాలనీ ఆడవాళ్ళంతా ఉన్నారు. “సినిమా ఉంటది. పొద్దుగాల్నే లేచి వంటలు ఒడగొట్టుకొని వచ్చినోళ్లం. మీ లొల్లి మీరు ఎన్కసిరి పెట్టుకోండ్రి. సుభాషిణొదినా, తాళంచెవి ఇయ్యి.”

సుభాషిణి మొగుడి జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. జేబు తడిగా ఉంది.

హాలు కిటికీలకు దుప్పట్లు కట్టారు. గోడకు రంగు వెయ్యని తెల్లటి గుడ్డ ఒకటి బిగించారు. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక, పిల్లలు ఎక్కడపడితే అక్కడ కూర్చున్నారు. లక్ష్మీరాజం చాయ్ మరకతోనే మగవాళ్ళ మొదటి వరసలో కుర్చీ వేసుకున్నాడు. రాజనర్సు గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు కుర్చీ వద్దు, నాకు న్యాయం కావాలి అన్నట్టు ఉంది ఆ నిలబడడం.

తెర మీద నలుపు తెలుపుల్లో నది కనపడింది. ఉబ్బిన నది. వంతెన దగ్గర ఆగమని పైనుంచి హుకుం వస్తుంది. జనరల్ ఆ కాగితాన్ని మడిచి బూటులో దోపుకుంటాడు. కత్తి తీసి నది వైపు చూపిస్తాడు. ఏ వయసులో చూసినా ఆ సీను సీనే. గుర్రాలు నీళ్ళలోకి దూకుతుంటే హాల్లో ఈలలు పడ్డాయి. మగవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. రాజనర్సు ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. సైకిలు మీద వెనక కూర్చుని ఇంటికొచ్చిన ఆ పాత సాయంత్రం గుర్తొచ్చి, అప్రయత్నంగా లక్ష్మీరాజం వైపు చూశాడు. లక్ష్మీరాజం కూడా తనవైపే చూస్తున్నాడు. ఇద్దరూ గబుక్కున తెర వైపు తిరిగారు.

ఆడవాళ్ళ వరసలో మాత్రం వేరే సినిమా నడుస్తోంది.

“ఆగో ఆగో, బండ్లు కొట్టుకపోతున్నయ్!”

“గవి తిండి బండ్లనే అక్కా. పిండి మూటలు సూడు.”

“ఇగ ఏం తింటరు వాళ్లు? కోట గెలిచి కోటను తింటరా?”

నిజంగానే సినిమాలో కోట గెలిచిన సైన్యం ఆకలితో పడుకుంటుంది. సిపాయిలు తోలు పట్టీలు నములుతారు. రాజనర్సుకు ఈ భాగం ఎందుకో ఎప్పుడూ సరిగ్గా గుర్తుండేది కాదు. అతను చెప్పే కథలో నది తర్వాత కోట, కోట తర్వాత విచారణ వచ్చేవి. ఇన్నేళ్ళూ మధ్యలో ఆకలి ఎక్కడికి పోయిందో అతనికే అర్థం కాలేదు.

ఆఖరికి విచారణ వచ్చింది. పొడవాటి బల్ల వెనక మెడల్స్ పెట్టుకున్న పెద్దమనుషులు వరసగా కూర్చున్నారు. తప్పు ఒప్పుకుంటావా అని అడిగారు. జనరల్ నిటారుగా నిలబడ్డాడు, టోపీ తియ్యలేదు, పెదవి కదపలేదు. డోలు మోగింది. తెర నల్లగా అయింది.

రాజనర్సు గోడ విడిచి ముందుకొచ్చాడు. ఏడాదిగా దాచుకున్న గొంతు బయటికొచ్చింది. “సూసిండ్రా? సూసినవా లక్ష్మీరాజం? అయిపోయింది! లైట్లెయ్యండ్రి! మాఫీ అడిగిండా? టోపీ తీసిండా? గిదీ మనిషంటే!”

“పప్పా,” అంది విజేత ప్రొజెక్టర్ పక్కనుంచి, “హజీ బాకీ ఛే. ఇంకా ఉంది.”

“ఏముంది? ఇంగ ఏముంటది!”

కానీ ఉంది. తెర మీద మళ్ళీ వెలుగొచ్చింది. వానలో గుడారాలు కనపడ్డాయి. సిపాయిలు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. వంటవాడు పెద్ద కాగులోంచి సూపు పోస్తున్నాడు. జనరల్ ఒంటరిగా నడిచొచ్చాడు. వంటవాడి చేతిలోని గరిటె తీసుకున్నాడు. టోపీ తీసి బురదలో పెట్టాడు. ఒక్కొక్క గిన్నెలో తన చేత్తో సూపు పోశాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వరస చివర ఒక కుర్ర సిపాయి గిన్నెను వెనక్కి లాక్కున్నాడు. జనరల్ గరిటె పట్టుకుని అట్లాగే వానలో నిలబడ్డాడు. చాలాసేపటికి సిపాయి గిన్నె ముందుకు చాపాడు. సినిమా అక్కడ అయిపోయింది.

వేరే ఊరివాళ్ళయితే దాన్ని సూపు అనుకునేవాళ్ళు. ఆ హాల్లో ఉన్నవాళ్ళకు మాత్రం అది సూపు కాదు. అందరి తలలూ ఒక్కసారిగా రాజనర్సు వైపు తిరిగాయి.

“పోసిండు,” అన్నాడు సోమలింగం గొంతు తగ్గించి. ఈసారి గ్రూపులో పెట్టడం కూడా మరిచిపోయాడు.

లక్ష్మీరాజం కుర్చీలోంచి లేచి మరక కనపడేలా రొమ్ము విరిచాడు. “సూసినవా? నీ జనరలే పోసిండు! తన చేత్తోని పోసిండు!”

“నేనొప్పుకోను! ఇది అసలు సినిమాల లేదు. ఎవడో ఎన్కసిరి అతికిచ్చిండు!”

“నా భాయ్, ఒరిజినల్ ఛే,” అన్నాడు భరత్‌భాయి కాదన్నట్టు తలాడించి, ప్రొజెక్టర్ మీది దండ సర్దుతూ.

“ఒరిజినల్ అయితే ఆ రోజు ఎందుకు లేదు? ఇద్దరం సూసినం గదా! డోలు మోగింది, చీకటైంది...” రాజనర్సు మాట మధ్యలో ఆగిపోయింది. వేలు మెల్లగా లేచి లక్ష్మీరాజం మీద నిలిచింది. “నువ్వు! డోలు మోగంగనే నువ్వే లేచినవ్. వేరేటోని బదులు పాళికి ఒప్పుకున్న, టైమైతుంది, అయిపోయింది పా అని చెయ్యి వట్టి గుంజుకపోయినవ్!”

“సైకిల్ ఒక్కటే ఉండె! నిన్ను ఇడిసిపోతే నడిచొచ్చేటోడివి!”

“నడిచొస్తుంటి! కానీ సినిమా మొత్తం సూస్తుంటి! సగం సినిమాతోని బతుకు మొత్తం బతికితిని గదరా నీ వల్ల!”

ఆ మాట నవ్వు తెప్పించేదే గానీ ఎవరూ నవ్వలేదు. రాజనర్సు ముఖం అట్లా ఉంది. ఇన్నేళ్ళూ సేటు ముందు, మేనేజర్ ముందు, వాన ముందు అతను నిలబడింది ఆ నల్లటి తెర దగ్గర ఆగిన జనరల్‌ను చూసుకునే. ఆ జనరల్ ఇప్పుడు టోపీ బురదలో పెట్టేశాడు. అయినా రాజనర్సు చుబుకం దించలేదు. “ఏమన్నగాని, ఈ మనిషికి మాత్రం పొయ్య. ఈల తీసుకపోండ్రి. పొయ్య,” అన్నాడు. కళ్ళలో నీళ్ళు మాత్రం అతని హుకుం లెక్కచెయ్యకుండా వచ్చేశాయి.

“పొయ్యకు,” అంది లలితమ్మ.

ఆమె లేచి నిలబడింది. ఆమె లేస్తే ముందు వరసలన్నీ లేచాయి.

“ఆ జనరల్ సూపు ఎవలకు పోసిండు? బల్ల ఎనుక కూసున్న పెద్దమనుషులకు పోసిండా?”

విజేత చెప్పింది. “సోల్జర్లకి, మమ్మీ.”

“ఎవల తిండి నీళ్లల్ల పోయిందో వాళ్లకు పోసిండు. మరి గర్నాళాల మునిగింది ఎవల బతుకమ్మ? లక్ష్మీరాజమన్నదా? ఆయిన స్కూటర్ మీద మెయిన్ రోడ్డు పొంటి పొడిపొడిగ పోయిండు. తంగేడు పువ్వు కోసం బస్సుకాడ పడిగాపులు గాసింది మేము. పేర్చింది మేము. మురికినీళ్లల్ల నిలబడి ఏడ్చింది మేము. సంవత్సరం సంది నాకు పొయ్యి, నీకు పొయ్య అని మీరిద్దరు కొట్లాడుడే. మా దిక్కు కెటిల్ తిప్పినోడు ఒక్కడన్న ఉన్నడా? మీ సంఘపోళ్లకు గూడ అది యాదికి రాలే.”

రాజనర్సు దాచుకున్న టోపీ, కోట, విచారణ ఏవీ ఇక్కడ పనికిరాలేదు. పొద్దున పెనం మీద రొట్టె ఎందుకంత గట్టిగా తిరగబడిందో అప్పటికి అర్థమైంది. ఏడాదంతా తను సరైన మనిషికి ఎదురు తిరుగుతున్నాననుకున్నాడు. క్షమాపణ అడగాల్సిన మనిషి రోజూ తన ఎదురుగా కూర్చుని అన్నం పెడుతూనే ఉంది.

రాజనర్సు హాలు దాటి బయటికి పోయాడు. పోయినవాడు అట్నుంచి అటే పోయాడని లక్ష్మీరాజం అన్నాడు. కాసేపటికి తిరిగొచ్చాడు. హోటల్‌లోని పెద్ద కెటిల్ చేతిలో ఉంది, మూతినుంచి పొగ వస్తోంది. మొదటి కప్పు లలితమ్మకు పోశాడు. లలితమ్మ వెంటనే పుచ్చుకోలేదు. సినిమాలో సిపాయి ఎంతసేపు ఆగాడో అంతకన్నా ఎక్కువసేపే ఆగింది. రాజనర్సు కదలకుండా నిలబడ్డాడు.

“చక్కెర తక్కువుంది,” అంది తాగి. తర్వాత ఖాళీ కప్పు చాపి, ఇంకొంచెం పొయ్యమంది.

సుభాషిణి మొగుడి వైపు తిరిగింది. “నువ్వేంది సూస్తున్నవ్? గర్నాళా నిండా నీళ్లున్నయని తెలిసి గూడ స్కూటర్ ఆపి ఒక్కమాట చెప్పలే. మునగనీ, బుద్ధస్తది అనుకున్నవ్. రాత్రి నాకు నువ్వే చెప్పినవ్ గదా. కప్పులు వట్టు!”

లక్ష్మీరాజం ముఖం చొక్కా మీది మరక రంగుకు వచ్చింది. అధ్యక్షుడు కప్పులు అందిస్తుంటే గర్నాళా జనరల్ చాయ్ పోస్తూ వరస మొత్తం తిరిగాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు గానీ పని మాత్రం ఒక చేత్తో చేసినట్టే సాగింది. ఒకే మంచాన్ని వంతులేసుకుని వాడిన మనుషులు కదా. జిలేబీ పొట్లాలు విప్పారు. దండను ప్రొజెక్టర్ మీంచి తీసి పిల్లలు తమలో తామే వేసుకున్నారు.

అందరికీ అయ్యాక లక్ష్మీరాజం చేతిలో ఒక కప్పు మిగిలింది. దాన్ని రాజనర్సు ముందుకు చాపాడు. పొయ్యమని అనలేదు, కానీ కప్పు మాత్రం వెనక్కి తీసుకోలేదు. రాజనర్సు చుబుకం పైకెత్తాడు. ఈసారి ఎడమ కనుబొమ్మ ఒక్కటే లేచింది. కెటిల్‌ను అందరికీ కనపడేలా తలకిందులు చేశాడు. ఒక్క చుక్క కూడా రాలలేదు.

“అయిపోయింది, పా,” అన్నాడు.

లక్ష్మీరాజం ఎంతగా నవ్వాడంటే కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది. బీరువా తెరిచి ఈల తెచ్చాడు. రాజనర్సు మెడ ముందుకు చాపాడు. ఈల ఆ మెడ పక్కనుంచి పోయి లలితమ్మ చేతిలో పడింది. సంఘంలో ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరం చెప్పగలిగినవాళ్ళంతా అప్పుడే వాళ్ళ ఆవిడల ఎదురుగా కూర్చుని ఉన్నారు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ మెయిన్ రోడ్డు మీదుగా పొడిగా చెరువు చేరింది. లలితమ్మ ఈల వేసినప్పుడల్లా, ఆడవాళ్ళ చెప్పుల సంచులు మోస్తూ జనరల్ గారు రోడ్డుకు ఎడమ పక్కకు జరిగారు.